తెర మీద మొదటి వరుస

నాకు దయ్యాల మీద నమ్మకం లేదని చెబితే సరిపోదు. వాటి మీద యుద్ధం చేసినవాణ్ణి. ఫలానా ఇంటి మీద రాళ్లు పడుతున్నాయంటే వెళ్లి, విసిరే చెయ్యి ఎవరిదో పట్టుకుని చూపించాను. కర్పూరం నాలుక మీద వెలిగించుకుని, ఇందులో మహిమ లేదని వీధి సభల్లో అరిచాను. ఆత్మ ఉందన్నవాళ్లని ఆధారం చూపించమని నిలదీశాను. అలాంటి నేను ఇది రాస్తున్నాను కాబట్టి వివరాలన్నీ ముందు పెడతాను. తప్పు ఎక్కడుందో పట్టుకోండి. దొరికితే నాకే మేలు.

భవానీపురంలో ఒక మేడ మీద మా డ్రాయింగ్ ఆఫీసు. కర్మాగారాలకు పైపులైన్ల డ్రాయింగులు గీసేవాళ్లం. తొంభైల మధ్యలో అక్కడికి ఒక యూనిక్స్ వర్క్‌స్టేషన్ వచ్చింది. అప్పటి మామూలు కంప్యూటర్లకు చేతకాని పని చేసేది. దాన్ని నాకు నేర్పినవాడు ఖలీల్ భాయ్. కొండపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. నాకంటే బాగా పెద్ద. నమాజు తప్పేవాడు కాదు. నా వ్యాసాలన్నీ చదివేవాడు, ఒక్కదాంతోనూ ఒప్పుకునేవాడు కాదు.

నాకు ఇల్లూ సంసారమూ లేవు. వాదన మొదలైతే భోజనం మర్చిపోతాను. మధ్యాహ్నం అతను క్యారియర్ విప్పి నా మాటకి అడ్డం వచ్చేవాడు.

"దేవుడు లేడన్నావ్, సరే. గోంగూర మాంసం ఉందా, లేదా?"

"ఉంది భాయ్."

"కనపడుతోందిగా? వాసనొస్తోందిగా? ఇంకేం, నీ ఆధారం నీకు దొరికింది. ముందు అన్నం తినవయ్యా!"

ఆ యంత్రంలో దాన్ని నడిపించే యూనిక్స్ మొదలవకముందే, లోపలి బోర్డు మీద ఉన్న చిన్న ప్రోగ్రాం ఒకటి మేలుకుంటుంది. కీబోర్డు మీద స్టాప్ అనే మీట, ఏ అనే మీట కలిపి నొక్కితే అక్కడే ఆగిపోయి, ఓకే అని చూపించి మన ఆజ్ఞ కోసం ఎదురుచూస్తుంది. ఏ డిస్కు నుంచి మొదలవ్వాలి, తెర మీద మొదటి వరుసలో ఏం చూపించాలి లాంటివి అక్కడ మార్చుకోవచ్చు. మామూలుగా ఆ వరుసలో యంత్రం పేరు వస్తుంది. ఖలీల్ భాయ్ ఒకరోజు అది తీసేసి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట కొట్టిపెట్టాడు: ముందు అన్నం తినవయ్యా.

"నేను సెలవు పెట్టిన రోజు కూడా నిన్ను కసిరేవాడొకడుండాలిగా" అన్నాడు.

రెండు వేలు దాటాక ఆ పని మామూలు కంప్యూటర్లే చేసేయసాగాయి. మనుషులు ఒక్కొక్కరే హైదరాబాదు వెళ్లిపోయారు. ఖలీల్ భాయ్ గుండెపోటుతో పోయాడు. కొండపల్లి వెళ్లి మట్టి వేశాను. ప్రార్థన వరుసలో మాత్రం నిలబడలేదు. పాత డ్రాయింగులు ఆ యంత్రంలో తప్ప తెరుచుకోవు కాబట్టి దానితోపాటు నన్నూ ఉంచారు. మేడంతా మేమిద్దరమే. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ వరుస కనిపించేది. రోజంతా నాతో ఎవరైనా అన్న మాట అదొక్కటే అయిన రోజులున్నాయి.

మొదటి వరుసతో సహా ఆ అమరికలన్నీ ఒక చిన్న చిప్‌లో ఉంటాయి. దాని లోపలే బ్యాటరీ. కొన్నేళ్లకు అది చచ్చిపోతే రాసుకున్నదంతా పోతుంది. అలాగే పోయింది. చెన్నై నుంచి కొత్త చిప్ తెప్పించి నా చేత్తోనే బిగించాను. యంత్రం నంబరు మళ్లీ కొట్టి ఎక్కించాను. ఖలీల్ భాయ్ మాట కూడా కొట్టొచ్చు, క్షణాల్లో అయిపోయే పని. కొట్టలేదు. నేను రాసుకుని, అతను అన్నట్టు చదువుకోవడం విగ్రహం చెక్కి మొక్కడం లాంటిదే అనిపించింది. ఆ తర్వాత చాలాకాలం మొదటి వరుసలో యంత్రం పేరే వచ్చింది.

వానాకాలం, ఒక మధ్యాహ్నం. మేనేజరు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. ఆఫీసు ఎత్తేస్తున్నారు, యంత్రం తుక్కు కింద పోతుంది. "మీరూ ఏదన్నా చూసుకోండి సార్" అన్నాడు. ఆ కబురు వస్తుందని ముందే తెలుసు. రెండు రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు. ఇంకెందుకు తినాలి అనే దాకా వచ్చింది మనసు.

కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. యంత్రం తనంతట తానే లేచింది.

మొదటి వరుసలో, ముందు అన్నం తినవయ్యా.

వెంటనే స్టాప్, ఏ నొక్కి ఆపాను. అమరికలు అడిగాను. సొంత వాక్యం చూపించాలా అనేచోట వద్దు అని ఉంది. వాక్యం ఉండాల్సిన చోటు ఖాళీ. మొదటి వరుస మళ్లీ చూపించమని ఆజ్ఞ కొట్టాను. యంత్రం పేరు వచ్చింది. ఒకే తెర మీద, పైన అతని మాట, కింద యంత్రం పేరు.

"తింటాను భాయ్" అన్నాను. పైకే అన్నాను.

మళ్లీ కరెంటు పోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత వానలో నడిచి మెస్‌కి వెళ్లి కడుపు నిండా తిన్నాను. తిరిగొచ్చి చూస్తే యంత్రం పేరే. తుక్కువాళ్లు పట్టుకుపోయేదాకా ఇంకెప్పుడూ ఆ మాట రాలేదు.

పాత చిప్‌లో మిగిలిందేమో అనుకుంటే, అది అగ్గిపెట్టెలో నా దగ్గరే ఉంది. డిస్కులోంచి వచ్చిందేమో అనుకుంటే, ఆ సమయానికి యంత్రం డిస్కుని ఇంకా తాకనే లేదు. ఆఫీసు తాళం నా ఒక్కడి దగ్గరే ఉండేది. చిప్ పంపిన చెన్నై అతనికి ఫోన్ చేస్తే, "ఖాళీ చిప్‌లోంచి మాట ఎలా వస్తుంది సార్?" అని నవ్వాడు. ఇక మిగిలింది నా మెదడు. ఆకలితో ఉన్నవాడు కోరుకున్నదే చూస్తాడని నేనే ఒక వ్యాసంలో రాశాను. ఇంకొకరైతే ఆ వివరణతో నోరు మూయించేవాణ్ణి. నా నోరే మూతపడటం లేదు.

ఆత్మలు ఉన్నాయని నేను ఇప్పటికీ అనను. ఆ వరుస ఎలా వచ్చిందో చెప్పనూ లేను.

సభలో ఎవరైనా లేచి ఇలాంటిది చెబితే నేను మొదట అడిగే ప్రశ్న, అది చూసినప్పుడు నీ పక్కన ఎవరున్నారని. ఇప్పుడూ అడుగుతాను, గొంతే మునుపటంత గట్టిగా రాదు. ఆ రోజు నా పక్కన ఒక మనిషి ఉండి ఉంటే, ఆ మాట తెర మీద కనబడాల్సిన అవసరమే ఉండేది కాదు.