మామ స్పీకర్లు, మూడు చప్పట్లు

ఆరో క్లాసులో బడి మానేసిన అల్లుడికి కూతుర్నివ్వడం ఒక ఎత్తు, స్పీకర్లు అప్పగించడం ఒక ఎత్తు. మా మామ మొదటిది తొందరగానే చేశాడు. రెండోదానికి ఆరేళ్ళు ఆలోచించాడు.

నేను ఫిజీలో బా అనే ఊళ్ళో రేడియోలు బాగుచేసేవాణ్ణి. మామ చక్కెర మిల్లులో ఫిట్టరు, మా తెలుగు భజన మండలికి పెద్ద. ఆ పెద్దరికానికి ఆధారం ఒక క్యాసెట్టు. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఆయన తండ్రి పాడిన రాముడి పాట అందులో ఉంది. రికార్డు చేసిన రోజు మామ డ్యూటీలో ఉన్నాడు. తరవాత కొన్నాళ్ళకే పెద్దాయన పోయాడు. మండలి అంతా పాటని మామ స్పీకర్లలో ఆ టేపు వినే నేర్చుకుంది. రెండో చరణం కాగానే టేపులో పాట ఆగి, ఏదో గొణుగుడు, ఆ వెంటనే డొల్లగా మూడు చప్పట్లు వినిపిస్తాయి. కాబట్టి మేమూ అక్కడ ఆగి, అరచేతులు దొన్నెల్లా వంచి, కళ్ళు మూసుకుని మూడుసార్లు కొట్టేవాళ్ళం.

"మా తాత ఇండియా నుంచి ఓడ మీద తెచ్చిన పద్ధతి" అనేవాడు మామ.

శ్రీరామనవమికి వచ్చే ఫిజియన్ పొరుగాయన సరిగ్గా ఆ చోట తల దించుకునేవాడు. భక్తి అనుకున్నాం.

మామ పెట్టిన ఇంకో నియమం, భజన జరిగే చోట యంగోనా ఉండకూడదు. వేరు దంచి, నీళ్ళలో పిసికి, కొబ్బరి చిప్పతో మత్తుకి తాగే ఆ యంగోనాని వాళ్ళ నాన్న జన్మలో ముట్టలేదట. మేం మాత్రం మిగతా రోజుల్లో ముట్టేవాళ్ళం.

ఒక నవమికి ముందు మామ కబురు పెట్టాడు.

"దామాద్, ఈసారి నాన్న టేపు గుడిలో అందరి ముందూ పెడదాం. సౌండే సాఫ్ లేదు. కంబళి కప్పుకుని పాడినట్టుంది. చేయగలవా?"

"చేస్తా మామా."

"పాడుచేస్తే?"

"మీ అమ్మాయిని వెనక్కిచ్చేస్తా."

"అదొద్దు. స్పీకర్లు జాగ్రత్త."

స్పీకరు పెట్టె వెనక పలక విప్పాను. లోపల క్రాసోవర్ అని చిన్న బోర్డు ఉంటుంది. బొంగురు శబ్దాన్ని పెద్ద కోనుకి, సన్నదాన్ని చిన్న కోనుకి పంచడం దాని పని. ఉమ్మడి కుటుంబంలో వడ్డించే అత్తగారన్నమాట. ఈ అత్తగారి కెపాసిటర్లు ఎండిపోయి, చిన్న కోనుని పస్తు పెట్టేస్తున్నాయి. రాజధాని సువా నుంచి మంచి ఫిల్ము కెపాసిటర్లు తెప్పించాను. కాయిల్ని మందపాటి రాగితీగతో మళ్ళీ చుట్టాను. మామ బజారుకెళ్ళిన పూట అన్నీ అతికించి, టేపు పెట్టాను.

రెండో చరణం అయింది. చిప్పలో ఏదో పోసిన చప్పుడు. ఇన్నాళ్ళూ వినపడని మెత్తని చప్పట ఒకటి. ఎవరో గటగటా తాగారు. ఆ తరవాత పెద్దాయన గొంతు, గంటలా: "మదా!"

ఫిజీలో ఎవరినడిగినా చెప్తారు, మదా అంటే చిప్ప ఖాళీ అని. తాగినవాడు ఆ మాట అని, అరచేతులు వంచి మూడుసార్లు కొట్టాలి. కొట్టాడు. "అరే, తనిక్ గాఢా బనావ్," కాస్త చిక్కగా కలపండ్రా అన్నాడు. ఆపైన మూడో చరణం ఎత్తుకున్నాడు, ఎంతో ఆర్తిగా.

మేం వారానికి ఆరు రోజులు చేసే చప్పుడే అది. గుడిలో చేస్తే మాత్రం గుర్తుపట్టలేకపోయాం.

పని బాగా చేశానంటే మామ పరువు పోతుంది, చెడగొట్టానంటే నాది పోతుంది. పాత కెపాసిటర్లు ఇంకా జేబులోనే ఉన్నాయి. సోల్డరింగ్ ఐరన్ వేడిగానే ఉంది. చెయ్యి జేబులో పెట్టేలోపు మామ గుమ్మంలో సంచి దించాడు.

"అయిందా?"

"అయింది మామా. కాస్త ఎక్కువే అయింది."

ఆయన కూర్చుని విన్నాడు. మిల్లులో ప్రెషర్ గేజి చూసే మొహం పెట్టుకుని విన్నాడు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. మూడోసారి కూడా.

"ఇది నాన్నేనా?"

"కాదని మీరంటే నేనూ కాదంటా."

"చుప్." ఇంకోసారి తిప్పాడు. "గాఢా బనావ్" దగ్గర ఆపాడు. "ఎప్పుడూ అంతే. పప్పు కూడా చిక్కగానే కావాలి ఆయనకి. ఇన్నేళ్ళూ పాటే విన్నా గానీ, ఆయన మాట వినలేదురా."

 

క్యాసెట్టు బయటికి తీసి అడిగాడు. "పాత పార్టులు పారేశావా?"

"జేబులో ఉన్నాయి."

"నవమికి అవే పెట్టు. నవమి అయ్యాక ఇవి పెట్టు."

"మరి చప్పట్లు?"

"కొడదాం. ఆపితే ఎందుకాపారని అడుగుతారు."

ఆ ఏడు గుడిలో పెద్దాయన కంబళి కప్పుకునే పాడాడు. మామ అందరికంటే గట్టిగా మూడు చప్పట్లు కొట్టాడు. పొరుగాయన తల దించుకున్నాడు, భుజాలు మాత్రం నవ్వుతో ఊగుతున్నాయి. ఈసారి నేనూ దించుకున్నాను.

తరవాతి ఆదివారం కొత్త పార్టులు పెట్టడానికి వెళ్ళాను. స్పీకర్ల మధ్య చాప పరిచి ఉంది. దాని మీద గిన్నె నిండా యంగోనా, చిప్పలు రెండు.

"ఇదేంటి మామా?"

"సౌండ్ టెస్టుకి" అన్నాడు.