కోసారా నీలం డబ్బా

గర్ర్... గర్ర్... గర్ర్...

మూడో అంతస్తులోంచి చప్పుడు. ఇత్తడి కాఫీ మర తిరుగుతున్న చప్పుడు. మొరావా నది ఒడ్డున, రైళ్ళు మారే ఆ చిన్న ఊళ్ళో అది ఎవరికీ కొత్త కాదు. ప్రతి తలుపు వెనకా పొద్దున్నే వినబడేదే. అయితే ఈ మరతో పాటు కాఫీ వాసన రాలేదు. ఎండుగడ్డి వాసన, వాన వెలిశాక పెరట్లోంచి వచ్చే మట్టివాసన కలిసినట్టు ఏదో తలుపు సందులోంచి వచ్చి, మెట్ల మీద కాసేపు నిలబడి, మెల్లగా కిందికి దిగిపోయింది.

ఎదురింటి నాదా ఉండబట్టలేక తలుపు కొట్టింది.

"కోసారా వదినా! నెలల తరబడి మర తిప్పుతూనే ఉన్నావు. ఒక్క కప్పు కాఫీ అయినా మా మొహాన పొయ్యవేం?"

తలుపు జానెడు తెరుచుకుంది. చంకలో మర, జుట్టులో నారింజరంగు పొడి, పెదాల మీద వేలు.

"మెల్లగా! మా ఆయన బాల్కనీలో ఉన్నాడు. లోపలికి రా. ఏం చూసినా నోరు మెదిపావో, చూడు."

వంటగదిలో బల్లంతా సెప్టెంబరు పరిచినట్టుంది. క్యారెట్ ముక్కలు ఎండి ముడుచుకుని చిన్న చిన్న ఉంగరాలయ్యాయి. పార్స్లీ వేర్లు, సెలెరీ దుంప, లీక్ కాడలు, ఎర్ర మిరప తొక్కలు, అన్నీ కిటికీ ఎండలో సగం, పొయ్యి వేడిలో సగం ఎండినవి. వాటి మధ్య మూత తీసిన నీలం డబ్బా.

నాదా డబ్బాలోకి తొంగి చూసింది. "ఇందులో పొట్లం పొడి కదా ఉండేది?"

"ఉండేది. ఇప్పుడు మూడొంతులు నాది, ఒక వంతు పొట్లానిది."

"అన్నయ్యకి తెలుసా?"

"తెలిస్తే నేనెందుకు గుసగుసలాడతాను?"

కోసారాకి అరవై రెండేళ్ళు. అందులో ఇరవై ఏడు రైల్వే కార్మికుల క్యాంటీన్ వంటశాలలో గడిచాయి. ఆవిడ సూప్ కోసం ఇంజను డ్రైవర్లు బండిని రెండు నిమిషాలు ఎక్కువ నిలబెట్టేవారని చెప్పుకునేవారు. "కోసారా చెయ్యి" అనేవారు. పెళ్ళిళ్ళకి, చావులకి, కొత్త ఇంటికి పైకప్పు వేసిన రోజుకి ఆ చేతినే పిలిచేవారు. ఆ పేరు వినబడినప్పుడల్లా ఆవిడ మొహం వెలిగేది, ఆ వెలుగు వెనకే ఒక చిన్న నీడ కదిలేది. ఎందుకంటే ఆ చెయ్యి ఎక్కడికి వెళ్ళి వచ్చేదో ఆవిడకొక్కర్తికే తెలుసు. సూప్ దించే ముందు నీలం డబ్బాలోకి వెళ్ళేది. దుకాణంలో దొరికే రుచిపొడి: ఉప్పు, ఏవో పేర్లు పలకలేని తెల్లపొడులు, రంగు కోసం నాలుగు క్యారెట్ రవ్వలు. దేశమంతా ఇంటింటా అదే పొడి. అందరి వంటల్లోనూ ఉన్నదే తన వంటలోనూ ఉంటే, మరి తన చెయ్యి ఏది? ఇరవై ఏడేళ్ళు ఈ ప్రశ్నని ఆవిడ మూత పెట్టి ఉంచింది.

మార్చిలో డాక్టరమ్మ ఆ మూత తీసింది. ఆవిడ భర్త టిహోమిర్ చేతికి బీపీ పట్టీ బిగించి, అంకె చూసి, కళ్ళజోడు తీసేసింది. "శీతాకాలం లోపల ఉప్పు తగ్గితే సరి. లేకపోతే రెండో మాత్ర, ఇక జన్మంతా" అంది.

ఇంటికి రాగానే కోసారా అలమర మొత్తం ఒక్క పూటలో ఊడ్చేసింది. రుచిపొడి, సూప్ పొట్లాలు, మార్గరిన్, తెల్ల బ్రెడ్డు, వేఫర్లు, అన్నీ సంచిలోకి. ఆ సాయంత్రం ముదురు రంగు రై రొట్టె, ఉప్పు లేని చిక్కుళ్ళు బల్ల మీదికొచ్చాయి.

టిహోమిర్ రొట్టెని వేలితో తట్టాడు. "ఏమే, ఇది తినడానికా, చక్రం కింద అడ్డు పెట్టడానికా?"

"నీ గుండె కోసం."

"నా గుండె ఏడుస్తోంది, వినబడటం లేదూ?"

మూడు రోజులు ఓర్చుకున్నాడు. నాలుగో రోజు అతని కోటు దులుపుతుంటే జేబులోంచి రుచిపొడి రాలింది. మనిషి బల్ల కింద చెయ్యి పెట్టి, పళ్ళెం ఒళ్ళోకి లాక్కుని, చల్లుకుంటున్నాడు! అటుపైన స్టేషను ముందు బండి దగ్గర కాల్చిన సాసేజీలు. ముందు తిన్న ఉప్పుకి రెట్టింపు.

అప్పుడు కోసారా యుద్ధం మానేసింది. నీలం డబ్బాని మళ్ళీ పొయ్యి పక్కన దాని చోట్లో పెట్టింది. టిహోమిర్ దాన్ని చూసి, పాత స్నేహితుడు ఊరినుంచి తిరిగొచ్చినట్టు నవ్వాడు.

ఆ వారం డబ్బాలోంచి ఒక చెంచా తీసింది, తన పొడి ఒక చెంచా కలిపింది. పై వారం ఇంకొకటి. అతని మొహంలో కనుబొమ లేచిన వారం ఆగిపోయేది, దిగిన వారం ముందుకు వెళ్ళేది. వేసవి అలా చెంచా చెంచాగా గడిచింది. తెల్ల పిండిలో గుప్పెడు రై చేరి, గుప్పెడు రెండయింది. సూప్ పొట్లాల్లో సేమియా పోయి, ఇంట్లో గుడ్లతో పిసికి కోసిన సన్న సేమియా వచ్చింది. వేఫర్ల డబ్బాలోకి అక్రోటులు, ఎండు రేగుపళ్ళు. "వేఫర్లేవి?" అని ఒకసారి అడిగాడు. "అయిపోయాయి" అంది. ఆయన అక్రోటు పగలగొట్టుకుంటూ వార్తలు చూశాడు.

అక్టోబరు వచ్చేసరికి, వీధుల్లో మిరపకాయలు కాల్చిన పొగ తగ్గి మంచు దిగే వేళకి, డబ్బాలో పొట్లం పొడి ఒక్క రవ్వ లేదు. ఉప్పు తనే వేరుగా, చిటికెడు చొప్పున వేస్తోంది. ఇక మిగిలింది నవంబరు ఇరవై ఒకటి. మిఖాయిల్ దేవదూత పేరిట వాళ్ళింటి పండుగ. ఆ రోజుకి ఎవరినీ పిలవరు, గుర్తున్నవాళ్ళంతా వస్తారు. పాత క్యాంటీన్ మనుషులందరికీ గుర్తే. కోసారా చేతిని గుర్తుపెట్టుకున్న నాలుకలన్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటాయి.

"ఒక్క రోజుకి పొట్లం వేసెయ్యి వదినా" అంది నాదా.

"వెయ్యను. ఆ చెయ్యి నాదో, పొట్లానిదో తేలిపోవాలి" అంది కోసారా. అన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పండుగ నాడు పొద్దుటే కొవ్వొత్తి వెలిగించారు. పూజారి తొందరగా వచ్చాడు, ఆయనకి ఆ రోజు ఇంకా ఎన్నో ఇళ్ళున్నాయి. ఒక పక్క గోధుమల ప్రసాదం, ఒక పక్క రొట్టె కోత, కోడి సూప్ పొయ్యి మీద మరుగుతోంది. కోసారా డబ్బాలో చెయ్యి పెట్టి, చూడకుండానే అలవాటుగా నాలుగు చెంచాలు వేసి, రుచి చూసే తీరిక లేక గిన్నె బల్ల మీదికి పంపేసింది.

మొదటి గుటక జివాదిన్‌ది. ముప్పై ఏళ్ళు ఇంజను తోలిన మనిషి, సూప్ కూడా కూత వేసినట్టే జుర్రుతాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఇదీ! ఇదే కోసారా చెయ్యి! మళ్ళీ క్యాంటీన్‌లో కూర్చుని తాగినట్టుంది!"

కోసారాకి గాల్లో తేలినట్టయింది. గెలిచింది. ఇంతలో టిహోమిర్ చెంచా కింద పెట్టాడు.

"ఏమే, ఈ సూప్ ఎవరు చేశారు?"

"నేనే. మన ఇంట్లో ఇంకెవరు చేస్తారు?"

"కాదు." తల అడ్డంగా ఊపి, నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. "నాలుకకి సున్నం రాసినట్టుంది. ఇది నీ చెయ్యి కాదు. నీ సూప్ తాగితే కూరగాయల తోట గుర్తొస్తుంది."

బల్ల చుట్టూ చెంచాలు ఆగాయి. కోసారా వంటగదిలోకి పరుగెత్తింది. డబ్బాలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. పసుపురంగు, చురుకు, ఉప్పు. పాత పరిచయస్తుడే.

"టిహోమిర్! ఈ డబ్బాలో చెయ్యి పెట్టిందెవరు?"

టిహోమిర్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, స్కూలు పిల్లాడిలా.

"నేనే. నిన్న సాయంత్రం నువ్వు కొవ్వొత్తికి వెళ్ళినప్పుడు చూస్తే డబ్బా అడుగు కనబడుతోంది. పండుగ పూట నీకు వెలితి కాకూడదని కొత్త పొట్లం తెచ్చి పైన పోశాను. తప్పా?"

కోసారా గుమ్మం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగలేదు, కళ్ళలోంచి కారింది. బల్ల దగ్గరున్న నాదా ఇక ఆగలేక మొత్తం చెప్పేసింది: మర, కిటికీ, చెంచాలు, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా.

"అంటే ఏడు నెలలుగా నన్ను మోసం చేస్తున్నావన్నమాట!"

"చెంచా చెంచాగా" అంది కోసారా.

"ఇంకేం మార్చావు?"

"కూర్చో. రొట్టె తిను."

ఆయన రొట్టె ముక్కని తిప్పి తిప్పి చూశాడు. "ఇదీనా?"

"అదీ."

జివాదిన్ ఇంకా సూప్ పళ్ళెం ముందే ఉన్నాడు, ముఖం వాడిపోయింది. "అయితే చెల్లెమ్మా, క్యాంటీన్‌లో మేం ఇన్నేళ్ళూ తిన్నది?"

"పొట్లం, అన్నయ్యా. ఈ మాట చెప్పడానికి ఇన్నాళ్ళూ నోరు రాలేదు."

"మరి నీ చెయ్యి ఏది? తీసుకురా, చూద్దాం."

నిన్న పొద్దున్నే, డబ్బాలో ఇంకా తన పొడే ఉన్నప్పుడు వండిన క్యాబేజీ చుట్టల కుండ ఆవిడ తెచ్చింది. జివాదిన్ ఒకటి తిన్నాడు. రెండోది తిన్నాడు. మూడోదానికి పళ్ళెం చాపి, అప్పుడు మాట్లాడాడు.

"ఇది పెట్టి ఉంటే రైళ్ళు ఇంకా ఆలస్యంగా నడిచేవి."

డిసెంబరు మొదటి వారంలో డాక్టరమ్మ పట్టీ బిగించి, అంకె చూసి, ఈసారి కళ్ళజోడు తీయలేదు. రెండో మాత్ర అక్కర్లేదంది. టిహోమిర్ తనే ఏదో త్యాగం చేసినట్టు ఛాతీ విరుచుకుని మెట్లెక్కాడు. ఇప్పుడు మర తిప్పేది ఆయనే. తిప్పుతూ నాదాకి పాఠాలు చెబుతాడు, సెలెరీ ఎక్కువైతే చేదు వస్తుందని.

ఈ సంగతులన్నీ రాసుకోవచ్చా అని నేను అడిగితే, కోసారా కడిగిన నీలం డబ్బాని కిటికీలో ఎండకి బోర్లించి, చేతులు తుడుచుకుంది.

"రాసుకో. కొలతలు మాత్రం రాయకు. ఎవరింట్లో వాళ్ళు, తినేవాళ్ళ మొహం చూసి కలుపుకోవాలి."