గడకు పడిన కొసరు

1996 జూన్‌లో నన్ను గణితశాస్త్ర అధ్యాపకుడిగా హిందూపురానికి బదిలీ చేశారు. అడిగి వేయించుకున్న బదిలీ. అక్కడికి అడిగి మరీ వచ్చినవాణ్ణి తామెప్పుడూ చూడలేదని మా ప్రిన్సిపాల్ నన్ను కొంచెం అనుమానంగానే చేర్చుకున్నారు. నేను వచ్చింది కాలేజీ కోసం కాదు, అశ్వత్థనారాయణ సారు కోసం.

సారు మా కాలేజీలోనే రీడర్‌గా పనిచేసి రిటైరయ్యారు. లెక్చరర్‌కు పైన, ప్రొఫెసర్‌కు కింద ఉండే హోదా అది. బోధించింది గణితం, పరిశోధించింది గణిత చరిత్ర. ఈ శాస్త్రం పరిస్థితి పాఠకులకు తెలియకపోవచ్చు. గణితంవాళ్ళు మమ్మల్ని చరిత్ర శాఖకు పొమ్మంటారు, చరిత్రవాళ్ళు గణిత శాఖకు పొమ్మంటారు. రెండు పెళ్ళిళ్ళకూ పిలుపు అందుకుని, రెండు పందిళ్ళలోనూ విస్తరి దొరకని చుట్టం లాంటిది మా శాస్త్రం. రిటైరైనా పరిశోధకులకు పర్యవేక్షకుడిగా ఉండే గుర్తింపును విశ్వవిద్యాలయం సారుకు కొనసాగించింది. ఆయన కింద నేను పార్ట్‌టైం పరిశోధకుడిగా చేరాను. అప్పటికి ఆయనకున్న శిష్యబృందం మొత్తం నేనే.

మా పనేమిటో కొంత చెప్పాలి. పాత తెలుగు గణిత గ్రంథాలు పద్యాల్లో ఉంటాయి. పొలం ఇన్ని గడల పొడవు, ఇన్ని గడల వెడల్పు, వైశాల్యం ఎంత అని లెక్క అడుగుతాయి. గడ అంటే భూమి కొలిచే కోల. ఆ గడ ఎంత పొడుగో పద్యం చెప్పదు, ఊరిని బట్టి మారుతుంది. కొలిచేవాడు ఎవరి పక్షం వహిస్తాడో దాన్ని బట్టి కూడా మారేది కాబట్టి, పాతకాలంలో గుడి రాతి మీద రెండు చివరలా రెండు ఇంటూ గుర్తులు చెక్కి, ఆ ఊరి గడ ఇంత అని ఖాయం చేసేవారు. రైతుకు సందేహం వస్తే అధికారి కోలను తెచ్చి అక్కడ ఆనించి చూసుకోవచ్చు. గుర్తు దొరికితే గడ దొరికినట్టు, గడ దొరికితే గ్రంథంలోని లెక్కలు నేల మీదికి దిగినట్టు.

పెనుకొండకు పడమరగా, బస్సు దిగి కొంత నడిస్తే వచ్చే ఒక పల్లెలోని చెన్నకేశవుడి గుడి మీద అలాంటి గుర్తులను సారు డెబ్బైల్లో కనుగొన్నారు. ఆ గుడి ముందే ఒక దానశాసనం ఉంది. దేవుడికి ఇచ్చిన పొలం ఇన్ని గడలని అందులో రాసుంది. ఆ పొలం హద్దురాళ్ళు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. గడ తెలిసింది, గడలెన్నో తెలిసింది, పొలం కళ్ళెదుట ఉంది. గణిత చరిత్రకారుడికి ఇంతకన్నా పెద్ద పండుగ రాదు. సారు కొలిచారు. శాసనం లెక్క ప్రకారం వచ్చిన పొలం కన్నా నేల మీది పొలం కొంచెం చిన్నదిగా తేలింది.

కాగితం మీద పెద్దగా, నేల మీద చిన్నగా ఉండటం మన ప్రాంతపు పొలాలకు వింత కాదు. కానీ సారు అలా వదిలేసే మనిషి కాదు. ఆ తేడాకు కారణం గట్లు అని ఆయన సిద్ధాంతం. పాతకాలపు కొలతగాళ్ళు పొలం చుట్టూ ఉన్న గట్టును, బండిదారిలో వాటాను కూడా లెక్కలో కలిపి రాసేవారని ప్రతిపాదించారు. గ్రంథాల్లో ఒకటి రెండు పద్యాలను కొంచెం సద్భావంతో చదివితే ఆ అర్థం వచ్చేది. ఆ వ్యాసం బయటి రాష్ట్రాల్లో కూడా ఉటంకింపులు పొందింది. సారు పేరు ఎవరికైనా తెలిసిందంటే ఆ ‘గట్టు కూడిక’ వల్లనే. తర్వాతి పాతికేళ్ళు ఆయన దాని మీదే పనిచేశారు. నా సిద్ధాంతగ్రంథం కూడా దాని మీదే నిలబడింది. నిలబడింది అనే మాటను ఇక్కడ జాగ్రత్తగా వాడుతున్నాను.

2001లో ఎండలు మొదలయ్యే వేళకు సారు పుస్తకం అచ్చులో ఉంది. జీవితం మొత్తం మీద ఒకటే పుస్తకం. మూడో అధ్యాయం గట్టు కూడిక. పుస్తకావిష్కరణ, సన్మానం కలిపి మా కాలేజీలో ఏర్పాటు చేశారు. అప్పుడే గుడికి మరమ్మతులు చేయిస్తున్నారన్న వార్త వచ్చింది. చెన్నకేశవుడు ఇలవేల్పు అయిన గంగాధరప్ప అనే ధర్మవరం పట్టుచీరల వ్యాపారి, గుడి చుట్టూ నున్నటి గ్రానైటు పలకలు అంటించాలని మొక్కుకున్నాడు. అంటిస్తే గుర్తులు పలకల వెనక్కి పోతాయి.

సారు, నేను ధర్మవరం వెళ్ళాం. గంగాధరప్ప మమ్మల్ని అంగట్లో పరుపు మీద కూర్చోబెట్టి, చీరలు చూపించబోయి, మేం కొనే బాపతు కాదని గ్రహించి కాఫీ తెప్పించాడు. గుర్తులున్న జాగా వరకు పలకలు వేయకుండా వదలమని సారు అడిగారు.

“నున్నగా పలకలేసి నడాన మొండిరాయి వదిలితే, దుడ్లు సాలక నిల్చిపోయిందనుకుంటారు సార్ జనం” అన్నాడాయన. సారు గడ సంగతి చెప్పారు. మూర కొలతతో బతికినవాడు కాబట్టి ఆయనకు వెంటనే ఎక్కింది. “కొల్తదా? అట్లయితే దాన్ని మూయకూడదు, పాపం” అని ఒప్పుకున్నాడు. ఆఖరుసారి కొలత తీసుకోవడానికి ఒక ఆదివారం పని ఆపిస్తానని, తానూ వస్తానని చెప్పాడు.

కొలత తీయడం సులభమనిపిస్తుంది గానీ దానికో పద్ధతుంది. ఉక్కు టేపు ఎండకు సాగుతుంది కాబట్టి పొద్దున్నే, రాయి చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. తడి కాగితాన్ని రాతికి అదిమి, సిరాలో ముంచిన గుడ్డముద్దతో అద్ది తీసే అచ్చు అక్షరాలకు పనికొస్తుంది గానీ పొడుగుకు పనికిరాదు. కాగితం ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. ఇవన్నీ సారు నాకు నేర్పినవే. ఆ ఆదివారం మేం తెల్లవారే బస్సుకు పెనుకొండ చేరి, ఎండ రాకముందే గుడి దగ్గరున్నాం.

పలకల పని ఒప్పుకున్న ఓబులేసు మేస్త్రి మాకన్నా ముందే వచ్చాడు. ఆగమన్నారు కాబట్టి ఆదివారం ఆగాడు గానీ, ముందురోజు సాయంత్రం దాకా పని సాగించాడు. పలకలు పట్టాలంటే పాత సున్నం, పూత గీకేయాలి. గుడి గోడకు పాదంలా ఉండే రాతి వరస మొత్తాన్ని అతని మనుషులు తీగబ్రష్షులతో శుభ్రం చేసి పెట్టారు.

సారు ఆ రాతిని అలా బోసిగా చూడటం అదే మొదటిసారి. డెబ్బైల్లో ఆయన వచ్చినప్పుడు తిరునాళ్ళకని కొత్తగా సున్నం కొట్టి ఉంది. పాడుచేయవద్దని పూజారి బతిమాలితే, గుర్తుల దగ్గర మాత్రం అరచేతి మేర గీకి, టేపు పట్టి, కొలుచుకుని వచ్చారు. గుర్తులు రెండూ స్పష్టంగా ఉన్నాయి. రెంటి నడుమ సున్నం ఉంది. సున్నం వెనక రాయి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు.

గుర్తుల నడుమ మూడు రాళ్ళున్నాయి. కుడివైపు అతుకు వెంట్రుక దూరనంత బిగువుగా ఉంది. ఎడమవైపు అతుకులో రెండు బొటనవేళ్ళు పట్టేంత మేర సిమెంటూ ఇటుకముక్కలూ ఉన్నాయి.

నేను టేపు తీశాను. సారు తీసుకోలేదు. సందు దగ్గర గొంతుక్కూర్చున్నారు.

“ఇదేందప్పా మేస్త్రీ?” అన్నారు.

“ఇప్పి మళ్ళా కట్టినారు సార్. రాళ్ళు సరిగ్గా కూసోలేదు, సిమెంటు కుక్కినారు. ఇట్లాటియి నేను శానా సూసినా, శానా కుక్కినా” అన్నాడు ఓబులేసు, ఏ దాపరికమూ లేకుండా.

ఎప్పుడు విప్పారన్నది ప్రశ్న. గుడి మెట్ల మీద కూర్చుని మమ్మల్ని చూస్తున్న ఒక అవ్వను గంగాధరప్ప అడిగాడు. “గోడలో రావిచెట్టు మొల్సింటే పీకినారు నాయనా. నేను ఈ ఊరికి కోడలుగా వచ్చిన ఏడు. సిమెంటంటే ఏందో చూడాలని ఊరంతా వచ్చినాం” అంది. ఆమె కోడలుగా వచ్చిన ఏడు సారు కొలతకన్నా చాలా ముందటిదని ఆమెను చూస్తే తెలుస్తుంది.

ఇంకా ఒక ఆశ మిగిలింది. మొదటినుంచీ అక్కడ సందు ఉండి, సిమెంటు తర్వాత పడిందేమో. ఆ మాట నేనే అన్నాను. సారు గుర్తుల కింద, అవే రాళ్ళ దిగువ అంచును చూపించారు. సున్నం పోయాక అక్కడ ఒక తీగ చెక్కడం బయటపడింది. వంపు తర్వాత వంపుగా, వంపుకో ఆకుతో, గుడి చుట్టూ సాగుతోంది. సందు దగ్గర ఒక ఆకు సగానికి తెగి ఉంది. ఆయన అచ్చుకాగితం తీయించారు. పొడుగుకు పనికిరాకపోయినా ఆకారానికి పనికొస్తుంది. ఆరాక, సందు ఉన్నచోట కాగితాన్ని కత్తిరించి, రెండు ముక్కలనూ మెట్టు మీద పెట్టి దగ్గరికి జరిపారు. సందు మూసుకుపోయింది. ఆకు పూర్తయింది. ఎక్కడా వంపు తప్పలేదు.

తర్వాత నేను కొలిచాను. సందును తీసేసి, శాసనంలోని గడలతో హెచ్చవేశాను. వచ్చిన పొడుగు, హద్దురాళ్ళ మధ్య దూరం ఒకటే. గట్టు లేదు, బండిదారి లేదు, కూడిక లేదు. పాతకాలపు కొలతగాడు పొలాన్ని పొలంగానే కొలిచాడు. పాతికేళ్ళుగా మేము చారిత్రక కారణం చెబుతూ వచ్చింది ఆ సిమెంటుకు.

సారు ముఖం చూసి గంగాధరప్పకు జాలి కలిగినట్టుంది. “ఏమైంది లే సార్? గడకు రవ్వంత కొసరు పడింది, అంతే గదా. మేమూ చీరకు ఇస్తాము” అన్నాడు.

“చీరకు కొసరిస్తే కొన్నోళ్ళు సంతోషిస్తారు. నేను ఆ కొసరు మీద పుస్తకం రాసినానప్పా” అన్నారు సారు.

ఎవరూ నవ్వలేదు. సారే కొంచెం నవ్వారు.

పలకలు వేయకుండా గుర్తుల జాగా వదులుతానన్న మాటను గంగాధరప్ప నిలబెట్టుకున్నాడు. ఓబులేసు మాత్రం సందులో కొత్త సిమెంటు నింపి నున్నగా చేస్తానన్నాడు. సారు వద్దన్నారు. నింపవద్దు, ఉన్నది కూడా తీసేయమన్నారు.

“బల్లులు చేరతాయి సార్.”

“చేరనీ. రేపు ఇంకొకడు టేపు పట్టుకోనొస్తాడు. వానికి సందు కనపడల్ల.”

“వచ్చేవాడుండాడా సార్ దీనికి?” అని ఓబులేసు నిజంగానే అడిగాడు. సారు నా వైపు చూపించారు. ఆధారం అతనికి అంత బలంగా కనిపించినట్టు లేదు.

తిరుగు బస్సులో నేను ఒక ఉపాయం చెప్పాను. పుస్తకం సగం అచ్చయింది, మూడో అధ్యాయం చివర ఒక పాదసూచిక వేద్దామన్నాను. “ఇల్లు కూలిందని పాదసూచికలో చెప్తారా నాగభూషణం?” అని అడిగారు. సోమందేపల్లి దాటాక, నా సిద్ధాంతగ్రంథంలో ఏ ఏ అధ్యాయాలు గట్టు కూడిక మీద ఆధారపడ్డాయో చెప్పమన్నారు. చెప్పాను. గడువు పొడిగించమని విశ్వవిద్యాలయానికి తానే రాస్తానన్నారు. తన పుస్తకం గురించి అడగలేదు, అది తేల్చుకున్నారని అర్థమైంది.

మర్నాడు ప్రెస్సుకు పోయి మూడో అధ్యాయం తీయించేశారు. అచ్చయిన ఫారాలు పారేయాల్సి వస్తుందని ప్రెస్సు యజమాని నెత్తి కొట్టుకున్నాడు. “ఇంత మంచి అధ్యాయం యాడుంది సార్, ప్రూఫులు దిద్దినప్పుడు నాకే అర్థమైంది” అన్నాడట. ఆ అధ్యాయానికి వచ్చిన ఆఖరు ప్రశంస అదేననుకున్నాం. పొరబడ్డాం.

సన్మానం అనుకున్న రోజునే జరిగింది. వక్తలు పుస్తకం చదివి రాలేదు, పాత వ్యాసం చదివి వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు గట్టు కూడికను పొగిడారు. రైతు గట్టును కూడా గౌరవించిన ఘనత మన పూర్వుల గణితానిదని ఒకరు గద్గదంగా చెప్పారు. సారు సమాధానంగా లేచి, ఆ సిద్ధాంతం తప్పని, ఆ తేడా సిమెంటుదని, గుడి పేరు, రాయి స్థానం, కొత్త కొలతతో సహా స్పష్టంగా చెప్పారు. సభ దాన్ని వినయమనుకుంది. అంతకుముందు ఏ వక్తకూ కొట్టనన్ని చప్పట్లు కొట్టింది. శాలువా కప్పించుకుంటూ సారు నా చెవిలో, “వీళ్ళకు మళ్ళా చెప్పల్లనా?” అని అడిగారు. చెప్పినా ఇంతేనన్నాను.

పాత వ్యాసం వచ్చిన పత్రికకే సారు సవరణ పంపారు. పేజీన్నర. అందులో విచారం వ్యక్తం చేసే వాక్యం ఒక్కటీ లేదు. ఎలా కొలిచాను, ఏది చూడలేదు, ఇప్పుడేం తేలింది, అంతే. 2004లో ఆయన పోయారు. పాత వ్యాసాన్ని ఇప్పటికీ ఉటంకిస్తున్నారు. సవరణను ఉటంకించినవాణ్ణి నాకు తెలిసినంతలో నేనొక్కణ్ణే.

నా సిద్ధాంతగ్రంథం ఆలస్యంగా, సన్నగా పూర్తయింది. 2009లో నేను రిటైరయ్యే ముందు ఒకసారి ఆ గుడికి వెళ్ళాను. నున్నటి పలకల నడుమ ఆ మొండిరాతి వరస అలాగే ఉంది. సందు తెరిచే ఉంది. ఓబులేసు చెప్పినట్టే బల్లి చేరింది. ఒక చివరినుంచి ఇంకో చివరికి ఎవరు టేపు పట్టినా సారుకు వచ్చిన తప్పు కొలతే వస్తుంది, కానీ టేపు ఆ సందును దాటకుండా పోలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇదే. రెండు చివరలు స్పష్టంగా కనిపించినప్పుడే నడుమ ఏముందో చూడాలి. టేపు తీసేముందు ఆ రాతిని ఎవరు కదిలించారో అడగాలి, అడగడానికి ఊళ్ళో ఒక అవ్వ ఎప్పుడూ ఉంటుంది. ఇక తప్పు బయటపడితే, అది తర్వాత వచ్చేవాడికి కనిపించేలా ఉంచాలి. సిమెంటు నింపితే గోడ అందంగా ఉంటుంది. కొలత ఉండదు.