బెల్లం తినే రక్తపిశాచి

ఆ రోజుల్లో దెయ్యాలు కూడా టైము ప్రకారం వచ్చేవి. ఆదివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వచ్చి, భయపెట్టవలసినంత భయపెట్టి, మధ్యలో సబ్బుల ప్రకటనలకి మర్యాదగా పక్కకి తప్పుకుని, మళ్ళీ వచ్చి కాసేపు పళ్ళికిలించి, వారం రోజులకి సెలవు తీసుకునేవి. ఇప్పుడలా కాదు. మా మనవరాలు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని రక్తపిశాచిని ఎప్పుడు కావాలంటే అప్పుడు పిలుస్తుంది. మంచినీళ్ళకి లేవాలంటే వాడి కోరలు మెడ మీద ఉండగానే ఆపేస్తుంది, తిరిగొచ్చి కొరకమంటుంది. అంత చాకిరీ చేసే దెయ్యాన్ని చూస్తే భయం ఎక్కడ వేస్తుంది, జాలి వేస్తుంది గానీ. (నేను కొత్తగా చేరినప్పుడు ఆఫీసులో నా బతుకూ ఇంచుమించు ఇదే.) మొన్న అది చూస్తున్న సీరియల్లో రక్తపిశాచి మంచివాడట. మనుషుల రక్తం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడట. "ఇది కొత్త రకం కథ తాతయ్యా, ఇంతకు ముందు ఇలాంటిది ఎవరూ తియ్యలేదు" అంది. నేను లేచి, బీరువాలోంచి ఒక పాత డైరీ తీసుకొచ్చాను. కుర్రతనం నుంచీ రోజూ డైరీ రాసేవాడికి దక్కే సుఖం ఇదొక్కటే, ఎవరైనా ఏదైనా కొత్త అంటే వెళ్ళి వెతుక్కోవచ్చు. ఒక పేజీలో నా అప్పటి గుండ్రటి చేతిరాతలో ఇలా ఉంది: "ఎండ తగ్గింది. ఆఫీసుకి సెలవు. రక్తపిశాచి బెల్లం తిన్నాడు. మామ్మగారు సంతోషించారు."

మామ్మగారంటే నేను అనకాపల్లిలో గుమాస్తాగా చేరిన కొత్తలో అద్దెకున్న ఇంటావిడ. బెల్లం మార్కెట్టు వెనక సందులో ఇల్లు, పెరట్లో నా గది. ఏ వైపు కిటికీ తీసినా బెల్లం వాసనే. వీధిలో కలర్ టీవీ ఆవిడ ఇంట్లోనే ఉండేది కాబట్టి సాయంత్రమయ్యేసరికి వీధంతా ఆవిడ ముందుగదిలోనే ఉండేది. కేబులు అప్పుడే కొత్తగా వచ్చింది. కేబులు కుర్రాడు ఆకాశంలోంచి ఏది దొరికితే అది పట్టి ఇళ్ళలోకి వదిలేవాడు. అలా ఒక ఆదివారం ఎక్కడో దొరల దేశం సీరియల్ ఒకటి మామ్మగారి ముందుగదిలోకి వచ్చి పడింది. అందులో నల్లకోటు వేసుకున్న ఒక పెద్దమనిషి గడియారాలు బాగుచేస్తుంటాడు. చూడ్డానికి మంచి ఇంటి బిడ్డలా ఉంటాడు గానీ నవ్వితే కోరలు. అతని స్నేహితుడు ఆ ఊరి పోస్టుమాను. ఉత్తరాలు చక్కగా పంచుతాడు, పున్నమి వస్తే మాత్రం ఒళ్ళంతా వెంట్రుకలు మొలిచి, తోడేలై కొండ మీదికి పరిగెడతాడు. అంతవరకూ బొమ్మ చూస్తే తెలుస్తోంది. వాళ్ళిద్దరూ గంటల తరబడి ఏం మాట్లాడుకుంటున్నారో ఎవరికీ తెలియడం లేదు. అప్పుడు మామ్మగారు అరుగు మీద డైరీ రాసుకుంటున్న నన్ను కేకేశారు.

"బాబూ, నువ్వు బీకాం సదివేవు కదా, ఆడేటంటన్నాడో సెప్పు."

నా ఇంగ్లీషు కాగితం మీది ఇంగ్లీషు. 'విత్ రిఫరెన్స్ టు యువర్ లెటర్' అని మొదలుపెడితే 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' దాకా ఎక్కడా తడబడకుండా రాయగలను. దొరల నోట్లోంచి వచ్చే ఇంగ్లీషు మాత్రం వేడి పెనం మీద నీళ్ళు చల్లినట్టు చుయ్యిమని పోయేది, మిగిలిన చుక్కల్లోంచి నేను అర్థం తీసుకోవాలి. ఆ మాటే మామ్మగారితో అన్నాను. "నీకు తెలిసింది సెప్పు, తెలీంది మేం సూసుకుంటాం" అన్నారావిడ. అన్నట్టే చూసుకున్నారు కూడా. రక్తపిశాచి మనుషుల రక్తం తాగనని ఒట్టు పెట్టుకున్నాడని నేను ఏ రెండు మాటలో పట్టుకుని చెప్పగానే ముందుగదిలో వాళ్ళంతా వాడి పక్షం అయిపోయారు. "మరి ఏటి తిని బతుకుతాడు పాపం" అని మామ్మగారు. బెల్లం బస్తాలు మోసే కళాసీ మామకి (వీధిలో అందరికీ మామే, నాకు కూడా) ఆ ఎండు మొహం చూస్తే తన పాత మేస్త్రీ గుర్తొచ్చేవాడు. టైలరు సాయిబుగారు మాత్రం తోడేలు పక్షం. "నెలకొక్క రోజే కదండీ గుమాస్తాగారూ, మిగతా రోజులు బంగారంలాంటి మనిషి. మా బావమరిది నెలంతా అలాగే ఉంటాడు" అనేవారు. ఆయన బాధల్లా చొక్కాల గురించి. "పున్నమికొక చొక్కా చింపుతున్నాడు. కుట్టేవాడు దొరికినా గుడ్డ దొరకాలి కదండీ." పున్నమి నాడు ఉపవాసం ఉండి సత్యనారాయణస్వామి కథ వింటే ఆ వెంట్రుకలు వాటంతటవే రాలిపోతాయని మామ్మగారి సలహా. దొర దాకా ఆ సలహా చేరేసే మార్గం నాకు తెలియలేదు.

ఇంతలో ఒక ఆదివారం ఆ నల్లకోటాయన ఆకలికి సొమ్మసిల్లబోయి, జేబులోంచి ఒక రేకు డబ్బా తీసి, నల్లటి ముక్కొకటి నోట్లో వేసుకున్నాడు. వెంటనే మొహంలోకి కళ వచ్చింది. అదేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. పొగాకో, చాక్లెట్టో, దొరల లేహ్యమో! "ఏటది బాబూ?" అన్నారు మామ్మగారు. ముందుగదంతా నా వైపు తిరిగింది. కిటికీలోంచి మార్కెట్టు వాసన గుప్పున కొట్టింది. "బెల్లమండి" అన్నాను.

నమ్మనివాడు ఒక్కడు లేడు. ఒంట్లో రక్తం తక్కువైతే బెల్లం తినాలని మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. "మరదీ సంగతి! రక్తం పడాలంటే ఇంకేటి తింటాడు?" అన్నారు మామ్మగారు. ఇన్నాళ్ళూ ఆ దొరల దేశం వాళ్ళకి ఇంత చిన్న విషయం తట్టక ఎన్ని మెడలు పాడుచేశారోనని అందరూ బాధపడ్డారు. కళాసీ మామ డబ్బా కేసి పరీక్షగా చూసి, "రంగు సూస్తే మన సరుకే బావూ, నేను మోసిందే అయ్యుంటాది" అని ఆనాటి నుంచీ నడుం కాస్త నిటారుగా పెట్టుకుని నడిచేవాడు. డాక్టరు రక్తం తక్కువగా ఉందని ఎన్ని మందులిచ్చినా కిటికీలోంచి పారేసే మామ్మగారు, ఆ దొరకి తోడుగా తనూ ఆదివారం సాయంత్రాలు ఒక బెల్లం ముక్క బుగ్గన పెట్టుకోవడం మొదలుపెట్టారు.

నా పేరు మార్కెట్టు దాటి పాకిపోయింది. ఇంగ్లీషు టీవీని నిలబడ్డ పళాన తెలుగులోకి తిప్పేస్తాడట అని చెప్పుకునేవారు. ఆ పేరే నా కొంప మీదికి వచ్చింది. మామ్మగారికి వరసకి తమ్ముడైన రైతు ఒకాయన మాకవరపాలెం దగ్గర పల్లెలో ఉండేవారు. ఆయనకి ఇంగ్లీషు బీఏ చదివిన కూతురుంది. "అల్లుడికి నా కూతురి కన్నా ఇంగ్లీషు తక్కువుండకూడదు" అన్నదొక్కటే ఆయన షరతు. మామ్మగారు నా గురించి చెప్పి, అమ్మాయి ఫొటో తెప్పించి నా చేతిలో పెట్టారు. అప్పటికి నన్ను చూసి వెళ్ళిన వాళ్ళెవరూ తిరిగి కబురు పెట్టలేదు, బక్క ఒళ్ళు, గుమాస్తా పని. అందుకని ఆశ పెట్టుకోకూడదనుకుంటూనే ఫొటో చూశాను. (ఆ రోజు డైరీలో వాతావరణం గురించి రాయడం మరిచిపోయాను. ఇన్నేళ్ళ డైరీల్లో వాతావరణం లేని పేజీ అదొక్కటే.) ఆయన ఆదివారం వచ్చి నా ఇంగ్లీషు స్వయంగా వింటానన్నారు. ఆయనకి ఇంగ్లీషు రాదు కాబట్టి నేను ధైర్యంగానే ఉన్నాను.

ఆదివారం నాడు ఆయన ఉప్మాక వెంకన్న దర్శనం చేసుకుని, ప్రసాదంతో సహా దిగారు. వెనకే ఆయన భార్య. ఆవిడ వెనక, ఫొటోలోని అమ్మాయి.

తండ్రికి ఇంగ్లీషు రాకపోతేనేం, కూతురికి వచ్చు. ఆయన కుర్చీలో కూర్చున్నారు. ఆడవాళ్ళు వెనక చాప మీద కూర్చున్నారు. నేను టీవీ పక్కన నా మామూలు స్టూలు మీద, గురువుగారి ముందు పాఠం రాని కుర్రాడిలా. "కానీ బాబూ" అన్నారాయన. సీరియల్ మొదలైంది. పోస్టుమాను ఉత్తరాలు పంచాడు, అదీ చెప్పాను. గడియారాల కొట్లోకి ఒక దొరసాని వచ్చింది. "గడియారం రేపటికి ఇస్తానంటున్నాడు" అన్నాను. వెనక చాప మీంచి చిన్న దగ్గు వినిపించింది. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఇంతలో ఆ నల్లకోటాయన కొట్టు తలుపు గడియ పెట్టాడు. దీపం తగ్గించాడు. దొరసాని వెనకాల చేరి, ఇన్నాళ్ళ ఒట్టూ ఏ గంగలో కలిపాడో, కోరలు బయటపెట్టి ఆవిడ మెడ మీదికి వంగాడు.

మామ్మగారి చేతిలో బెల్లం ముక్క నోటి దాకా వెళ్ళి అక్కడే నిలిచిపోయింది. "ఏటి బాబూ" అన్నారు నీరసంగా, "బెల్లం తింటన్నాడన్నావు కదా." కళాసీ మామ తన బస్తాల్లో ఏదో కల్తీ జరిగినట్టు తల వంచుకున్నాడు. సాయిబుగారు "నేను ముందే చెప్పానండీ, తోడేలే నయం" అన్నారు. పెళ్ళికూతురి తండ్రి కుర్చీలో ముందుకి వంగారు. "అదేటి? బెల్లం తినీవోడు కొరుకుతన్నాడేటి? నువ్వు ఇన్నాళ్ళూ సెప్పిందేటి మరి?"

కబురు రాని సంబంధాల్లో ఇది కూడా చేరిపోయిందని, ఫొటో తిరిగి ఇచ్చెయ్యాలని, అది ఇప్పుడు నా జేబులోనే ఉందని, వరసగా గుర్తొచ్చాయి.

"కొరకడం కాదు నాన్నా" అంది వెనక నుంచి ఒక గొంతు. "చెవిలో చెప్తున్నాడు."

అందరూ వెనక్కి తిరిగారు. అమ్మాయి చాప మీద అమాయకంగా కూర్చుని టీవీ కేసే చూస్తోంది. "సెవిలో సెప్తే ఆవిడ అలా పడిపోయిందేటే?" అన్నారు తండ్రి. నిజమే, దొరసాని కళ్ళు మూసుకుని వాలిపోతోంది. "నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు నాన్నా. సంతోషం పట్టలేకపోయింది." "అవునండి, సరిగ్గా అదే అన్నాడు" అన్నాను నేను, పోయిన ప్రాణం లేచొచ్చి. మామ్మగారి చేతిలో బెల్లం ముక్క బుగ్గలోకి చేరింది. "మరా మూతికి ఎరుపేటి?" అన్నారు తండ్రి, ఆయన వదిలేలా లేరు. నాకు ఆ పిల్ల ఇచ్చిన ధైర్యం ఎక్కువైపోయి, "దొరసాని పెదాల రంగండి" అన్నాను. అన్నాక గానీ ఎవరి ముందు ఏమన్నానో తెలియలేదు. "సెవిలో సెప్పినోడికి పెదాల రంగెలాగంటింది?" అన్నారు మామ్మగారు నిజంగానే తెలుసుకుందామని. "ఒల్లకోండి మామ్మా, పెద్దోళ్ళున్నారు" అన్నాడు కళాసీ మామ. అమ్మాయి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాయిబుగారు పైకి చూసి ఫ్యాను బాగా తిరుగుతోందన్నారు. కాసేపటికి ఆ తండ్రి కుర్చీలో వెనక్కి ఆనుకుని, నా వైపు ఒకసారి, కూతురి వైపు ఒకసారి చూసి, "ఇంగ్లీషు ఇద్దరికీ సమానంగానే ఉన్నట్టుంది అప్పా" అన్నారు అక్క వరసైన మామ్మగారితో. ఆ రోజు డైరీలో వాతావరణం రాశాను: "చల్లటి గాలి." కిందటి ఏడాది మా ఆవిడ ఆ పేజీ చదివి, ఆ రోజు ఉక్కపోతతో చచ్చామని గుర్తుచేసింది.

ఆ తర్వాత కేబులు కుర్రాడు ఆ చానలు తీసేశాడు, సీరియల్ చివర ఏమైందో మాకెవరికీ తెలియలేదు. మామ్మగారు మాత్రం ఉన్నన్నాళ్ళూ వాళ్ళని మరిచిపోలేదు. మేం చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా మా క్షేమం అడిగాక, "ఆ దొరా దొరసానీ ఎలాగున్నారు? పిల్లలెంతమంది?" అనేవారు. "ఇద్దరండి" అనేవాణ్ణి. "కోరలున్నాయా?" "లేవండి, తల్లి పోలిక." "బెల్లం అలవాటు సేసుంటారు" అని తృప్తిగా తల ఊపేవారు. పెళ్ళయిన కొత్తలో మా ఆవిణ్ణి అడిగాను, నిజంగా ఆ రోజు ఆ దొర ఏమన్నాడని. "ఏమో, నాకూ ఒక్క ముక్క అర్థం కాలేదు. మా కాలేజీలో ఇంగ్లీషు తెలుగులోనే చెప్పేవారు" అంది. అది నిజమో, నన్ను చిన్నబుచ్చకూడదని అన్నదో ఇన్నేళ్ళ కాపురంలో తేల్చుకోలేకపోయాను. తేల్చుకోవాలని పెద్దగా ప్రయత్నించనూ లేదు.

మనవరాలు డైరీ పక్కన పెట్టి, ఆపిన చోటి నుంచి తన సీరియల్ మళ్ళీ నడిపించింది. ఇప్పుడు అంతా తెలుగులోనే మాట్లాడుతున్నారట, నాలాంటి గుమాస్తాలతో పని లేదు. అయినా నాకు ప్రయోజనం లేదు, ఈ మధ్య చెవులు మందగించాయి. టీవీలో పెదాలు కదలడం కనపడుతుంది గానీ మాట వినపడదు. అందుకని మా ఆవిడ నా పక్కన కూర్చుని, నా వైపు వంగి, ఒక్కొక్క మాటా చెవిలో చెబుతుంది. తెర మీద రక్తపిశాచి కళ్ళెర్రజేసి ఎవరి మీదో అరుస్తున్నాడు. "ఏమంటున్నాడు?" అన్నాను. "భోజనాల వేళయింది, మాత్ర వేసుకున్నావా అంటున్నాడు" అంది మా ఆవిడ. మనవరాలు పగలబడి నవ్వి, "నాన్నమ్మా, వాడు అలా అనలేదు!" అంది. ఏమన్నాడో నేను అడగలేదు. జేబులోంచి మాత్ర తీసి వేసుకున్నాను. అది చేదుగా ఉంటుందని, మా ఆవిడ అప్పటికే అరచేతిలో ఒక బెల్లం ముక్క పట్టుకుని ఉంది.