శాంతయ్య పెట్టిన నెట్ చదరంగం

కమలాపురం చర్చి వరండాలో మా శాంతయ్య చదరంగానికి కూర్చుంటే ఎదుటివాడి మంత్రి తనంతట తానే బోర్డు దిగి పారిపోయేది. ప్రతి ఆదివారం ఆరాధన కాగానే స్నేహితుడు ఏసేపుతో ఆట. అంతటివాడు, కూతురు కృపారాణి నర్సు ఉద్యోగం కోసం 2007లో కర్నూలు పక్కన కల్లూరు చేరాడు. అక్కడి కొత్త ఇళ్ళ తలుపులు ఎంత గట్టిగా మూసి ఉండేవంటే, ఎండ కూడా కొట్టి కొట్టి విసిగి వెనక్కి పోయేది. కూతురు డ్యూటీకి పోతే శాంతయ్య రెండు వైపులా తానే ఆడేవాడు. గెలిచినా చెప్పుకునే మనిషి లేడు.

ఏసేపుతో మళ్ళీ ఒక్క ఆట ఆడాలని, చర్చివాళ్ళందరికీ నెట్‌లో పోటీ పెట్టాడు. కంప్యూటర్లో ఎలా చేరాలో ఫోన్లోనే ఓపిగ్గా నేర్పాడు.

"ఎవురూ కదలబన్లేదు. యాడుండేవాళ్ళు ఆడ్నే కూర్చోని ఆడొచ్చు."

పోటీ పెట్టిన ఆదివారం శాంతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, కల్లూరులో బసవరాజు నడిపే నెట్ సెంటర్లో కూర్చున్నాడు. తెర మీద ఆయన పేరొక్కటే ఉంది. ఎంతసేపటికీ రెండో పేరు రాలేదు. ఏసేపుకు ఫోన్ చేశాడు.

"యాడుండావప్పా శాంతయ్యా? అందరం చర్చికాడ ఉండాం. వేంపల్లోళ్ళు గూడా బస్సెక్కి వచ్చినారు. నువ్వే రాలేదు!"

"నెట్‌లో కదప్పా పోటీ!"

"చర్చి పోటీ అంటే ప్రేమవిందు లేకుండా ఉంటాదా? జీవమ్మ కోడికూర చేసింది. బోర్డులు తెచ్చుకొని ఆడుకుంటాండాం."

మా చర్చిలో అంతే. నలుగురు కలిసే పని ఏదైనా పంక్తి భోజనం దాకా పోవాల్సిందే. ఆ సంగతి శాంతయ్యే మరిచాడు.

"పోనీ, నాకూ ఒక బోర్డు పరచప్పా. ఎత్తులు ఫోన్లో చెప్తా."

ఏసేపు పరిచాడు. శాంతయ్య రాజు ముందు బంటును కదిపించాడు. ఏసేపు ఎదురు కదిపాడు. శాంతయ్య గుర్రం తీయించాడు. ఇంతలో అవతల విందుకు పిలిచారు.

"ఉండప్పా, రెండు ముద్దలు తినొస్తా." ఏసేపు ఫోను బల్ల మీద పెట్టి పోయాడు.

ప్రార్థన వినిపించింది. శాంతయ్య కూడా తల వంచి ఆమెన్ అన్నాడు. బసవరాజు వింతగా చూశాడు.

"పెద్దాయనా, దీంట్లో ఆడేకి ఎవురో ఒకరు దొరుకుతారులే."

"నాకు ఎవురో వద్దప్పా."

ఫోన్లో గిన్నెల చప్పుడు, నవ్వులు. కాసేపటికి జీవమ్మ గొంతు దగ్గరగా వచ్చింది.

"ఈ ఆట ఎవురిది? విస్తరి వేసేకి జాగా లేదు."

"ఈడ ఎవురూ ఆడడంలేదులే, తీసేయ్ అక్కా," అని అవతల ఎవరో అన్నారు.

పావులు డబ్బాలో పడడం శాంతయ్య చివరిదాకా విన్నాడు.