ఆమెన్‌కు కూడా రెస్టే

ఆ ఆదివారం ఎల్లారెడ్డిలోని మా చర్చిలో ఎప్పటిలాగే పాట ఎత్తుకున్నాను. మా సంఘంలో పాటల పుస్తకం చదవలేని పెద్దవాళ్లు చాలామంది. అందుకే ముందు నేనొక వరుస పాడతాను, తర్వాత సంఘం దాన్నే అందుకుంటుంది. ఆ రోజు రెండో చరణంలో పై స్థాయికి వెళ్లేసరికి నోరు కదిలింది గానీ శబ్దం రాలేదు. సంఘమంతా నా ముఖం చూస్తూ ఎదురుచూసింది. నేను నవ్వేసి నీళ్లు తాగాను.

జలుబు అనుకున్నాను. మిరియాల పాలు, అల్లం, ఉప్పునీళ్లు పుక్కిలించడం, అన్నీ అయ్యాయి. వారాలు గడిచినా బొంగురు పోలేదు. మా టైలర్ షాపులో నా పక్క మిషన్ మీద కుట్టే మా ఆయన దానియేలు ఒకరోజు పని ఆపేశాడు. "గీ గొంతేందే? ఎవరో మొగాయన పిలిచినట్టున్నది. రేపు కామారెడ్డి పోదాం పా."

కామారెడ్డిలో ఈఎన్‌టీ డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి నా గొంతు నాకే తెర మీద చూపించింది. "వోకల్ కార్డ్ మీద పాలిప్, అంటే చిన్న బుడిపె ఉందమ్మా. తీసేసి బయాప్సీకి పంపుదాం." బయాప్సీ అంటే క్యాన్సర్ ఉందో లేదో చూసే పరీక్షని నాకు తెలుసు. అయినా నేను అడిగిన మొదటి మాట వేరే. "మేడం, మళ్ల పాడతనా?"

"ముందు మాట్లాడటం రానివ్వండి" అందామె. ఆ జవాబు నాకు అస్సలు నచ్చలేదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ సంఘంలో రూతమ్మ అంటే పాటే. పాట పోతే అక్కడ నేనెవరిని?

ఆపరేషన్ బాగానే జరిగింది. డిశ్చార్జ్ చేసేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "పూర్తి వాయిస్ రెస్ట్. గుసగుస కూడా వద్దు."

అసలు తమాషా ఇంటికొచ్చాక మొదలైంది. మా సంఘంలో ఒకరికి జబ్బు చేస్తే ఆ ఇల్లు ఖాళీగా ఉండదు. తాడ్వాయి నుంచి మా ఆడబిడ్డ, పక్క వీధి అక్కలు, మా పాస్టరు అయ్యగారు, అందరూ వచ్చి ప్రార్థన చేశారు. నేను బుద్ధిగా నోరు మూసుకొని, టీ కూడా సైగలతోనే పెట్టించాను. కానీ "ఈమె గొంతును ముట్టు తండ్రీ" అని ఎవరైనా అంటే, చిన్నప్పటి నుంచి అలవాటైన నోరు ఊరుకుంటుందా? ప్రతి మాటకీ "ఆమెన్!" అనేదాన్ని. అదీ గట్టిగా.

చెకప్‌లో డాక్టరమ్మ మొహం చిట్లించింది. "వాపు తగ్గలేదే. మాట్లాడారా?" లేదని తల అడ్డంగా ఊపాను. మా ఆయన ఊరుకోలేదు. "మాట్లాడలే మేడం. ఒక్క ఆమెనే అన్నది. గాని అదే పొద్దుందాక అన్నది."

ఆమెకు నవ్వు ఆగలేదు. "లోపల అనుకున్నా దేవుడికి వినపడుతుందమ్మా" అంటూ వాయిస్ రెస్ట్ పొడిగించింది. బయాప్సీలో క్యాన్సర్ లేదని కూడా అప్పుడే చెప్పింది. ఆ మాటకు ఆమెన్ అనకుండా ఉండటానికి రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

ఆదివారం అయ్యగారు చర్చిలో ప్రకటన చేశారట. "రూతమ్మ ఇంటికి పోయేటోళ్లు మనసుల ప్రార్థన చేయుండ్రి. ఆమెన్ బదులు చెయ్యెత్తుండ్రి." ఆ తర్వాత మా ఇంట్లో గదినిండా మనుషులు, ఫ్యాన్ చప్పుడు, పైకి లేచిన చేతులు. పాలు పోయడానికి వచ్చినాయన గుమ్మంలో నిలబడి, ఎందుకో తెలియకపోయినా, తనూ చెయ్యెత్తాడు.

వాపు తగ్గింది. స్పీచ్ థెరపీతో గొంతు వచ్చింది, కానీ కిందికి దిగిపోయింది. "పాత పై స్థాయి రాకపోవచ్చు. ఉన్నదాన్ని జాగ్రత్తగా వాడండి" అంది డాక్టరమ్మ. ఆ రోజు కామారెడ్డి బస్టాండులో బాగా ఏడ్చాను. పాట ఇంకెవరికైనా అప్పగించమని అయ్యగారికి చెప్పాను.

"ఒక్క ఆదివారం ఉన్న గొంతుతోనే పాడు బిడ్డా. తర్వాత సూద్దాం" అన్నారాయన.

సిగ్గుపడుతూనే కింది శ్రుతిలో ఎత్తుకున్నాను. ఆడవాళ్లు ఎప్పటిలా అందుకున్నారు. ఈసారి మొగవాళ్ల చాపల వైపు నుంచి కూడా పెద్ద హోరు లేచింది. నేనే ఉలిక్కిపడ్డాను. ఇన్నేళ్లూ పాటప్పుడు చేతులు కట్టుకొని కూర్చున్న పెద్దాయన ప్రకాశం బాపు కళ్లు మూసుకొని పాడుతున్నాడు. బయటికొచ్చాక నా దగ్గరికి వచ్చాడు. "నీ పాట గంత పైన ఉంటుండె బిడ్డా, మా గొంతులకు అందకపోయేది. ఇయ్యాల అందింది."

ఇప్పుడు అదే శ్రుతిలో పాడుతున్నాను, సంతోషంగానే. బొంగురు గొంతు మూడు వారాలైనా తగ్గకపోతే మిరియాల పాలతో కాలం గడపకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి. డాక్టరు వాయిస్ రెస్ట్ చెబితే ఆ మాట ప్రార్థనకు వచ్చేవాళ్లకు గుమ్మంలోనే ఇంట్లోవాళ్లతో చెప్పించేయండి.

ప్రకాశం బాపు ఈమధ్య నాకంటే ముందే పాట ఎత్తుకుంటున్నాడు. నేను ఆయన వెనక అందుకుంటున్నాను.