మంచం దిగనివ్వని మొగుడు

వీధంతా స్పానర్ బాబాయి అని పిలిచే ఆ మెకానిక్, పెళ్ళాన్ని ఎంత అపురూపంగా చూసుకుంటున్నాడో చెప్పుకోవడానికి ఏ అవకాశమూ వదిలేవాడు కాదు. ఆవిడకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా షెడ్డుకు తాళమే. వంట ఆయనే, గిన్నెలు ఆయనే, చివరికి ఆవిడ తల దువ్వి జడ వేసేదీ ఆయనే. జడ వంకరటింకరగా వచ్చేది, అది వేరే సంగతి. "పూచికపుల్ల కూడా ఇటునుంచి అటు పెట్టనివ్వడం లేదు," అని బండి తెచ్చిన ప్రతివాడికీ వినిపించేవాడు. అంతకుముందు ఆ ఇంట్లో ఆయన మంచినీళ్ళు కూడా తనంతట తాను ముంచుకు తాగి ఎరగడు.

మళ్ళీ చూపించుకోవడానికి వెళితే, ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఆవిడను చెయ్యి పైకెత్తమంది. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు. ఆవిడ పళ్ళు బిగబట్టింది.

"గోడ మీద వేళ్ళు పాకించమన్నాను కదమ్మా! రోజూ నడవమన్నాను. చెయ్యలేదా?"

ఆవిడ నేలచూపులు చూసింది. ఆయనే గర్వంగా అందుకున్నాడు. "ఎక్కడమ్మా! నేను మంచం దిగనిస్తే కదా!"

ఆ అమ్మాయి నవ్వలేదు. "అక్కడే దెబ్బతిన్నాం బాబాయ్ గారూ. కదపకపోతే భుజం బిగుసుకుపోతుంది. నడిస్తే ఈ నీరసం తగ్గుతుంది, బరువు పెరగదు, జబ్బు తిరగబెట్టే ప్రమాదం కూడా తగ్గొచ్చు. రెస్టు రెస్టు అని కూర్చోబెట్టేశారు."

ఆయన మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. నెలల తరబడి మూలన పడేసిన బండి తెచ్చినవాళ్ళను, "నడపకపోతే అన్నీ పట్టేస్తాయని తెలీదా?" అని దులిపేసే మనిషి. ఆ తెలివి ఇంట్లో ఏ గంగలో కలిసిందో! సిగ్గుతో చచ్చిపోయాడు.

బయట మెట్ల దగ్గర పెళ్ళాన్ని అడిగాడు. "ఆ అమ్మాయి ఇవన్నీ చెప్పినప్పుడు నేను మందుల కోసం వెళ్ళాను, వినలేదు. నువ్వైనా చెప్పొద్దూ?"

"చెబుదామనే అనుకున్నానండీ. ఇంటికెళ్ళగానే మీరు కాఫీ కలిపి తెచ్చిచ్చారు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. నా పని నేను చేసుకోగలనని తెలిస్తే, మళ్ళీ షెడ్డులోనే ఉండిపోతారేమోనని..."

సిగ్గుపడాల్సింది తను. తప్పు చేసినట్టు తలదించుకున్నది ఆవిడ.

ఆటో వచ్చి ఆగితే పంపించేశాడు.

"పద, మెల్లగా నడుద్దాం. నువ్వు నడిచినా సరే, కాఫీ నేనే కలుపుతాను," అన్నాడు, ఆవిడ మొహం చూడలేక.